నాలుగో నంబరు మీద మాత్రమే



రెండు వారాలుగా ఎవరు ఫోన్ చేసినా ఒకటే అడుగుతున్నారు, "అయ్యగారూ, కారు బాగైందా?" అని. దేవుని కృపను బట్టి బాగైంది. ఈ రిపేరుకు మీలో కొందరు కానుకలు కూడా పంపారు గనుక లెక్క చెప్పాల్సిన బాధ్యత మాకుంది. లెక్క ఈ ఉత్తరం చివర రాస్తాం. అయితే డబ్బు లెక్క ఒక్కటే చెప్పి ఊరుకుంటే అది సగం లెక్కే అవుతుంది. మిగతా సగం కూడా చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

మన కారు సంగతి మీకు తెలుసు. 2011 మోడల్. 2019లో సెకండ్ హ్యాండులో తీసుకున్నాం. తీసుకున్ననాటి నుండి గుడి పక్కనున్న వేపచెట్టు కిందే దాని కాపురం. గృహ దర్శనాలకు, కూడికలకు, కాన్పులకు, ఆసుపత్రులకు అదే దిక్కు. మనది రెంటచింతల పక్క పల్లె. ఎండాకాలం వస్తే పేపర్లలో మన ప్రాంతం పేరు ఎందుకు కనపడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సంవత్సరం మార్చిలో ఏసీ గాలి కొట్టే ఫ్యానుకు, అంటే బ్లోయరుకు, ఒక జబ్బు చేసింది. ఒకటి, రెండు, మూడు నంబర్ల మీద పెడితే కదలదు. నాలుగు మీద పెడితే మాత్రం పిండిమర లాగా హోరున తిరుగుతుంది. "తిరుగుతోంది కదా, నాలుగు మీదే పెట్టుకుందాం" అనుకున్నాం. అంతకు ముందు రెండు నెలల నుండీ డ్యాష్‌బోర్డు లోపల కీచుమంటూ ఈల లాంటి శబ్దం వస్తోంది. దాన్నీ పట్టించుకోలేదు. ముందు సీట్లో కాళ్ళ దగ్గర తడి అయ్యేది. మీ అమ్మగారు నీళ్ళ సీసా మూత సరిగ్గా పెట్టలేదేమో అనుకుని గుడ్డతో తుడిచేసేవారు. ఈల, తడి, మూడు నంబర్లు పోవడం, ఇవన్నీ ఒకే సంగతిని చెబుతున్నాయని మాకు అప్పుడు తెలియదు.

మన సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాం, పేరు మాత్రం వద్దన్నారు. ఆయన్ను పెద్దయ్య అనే పిలుస్తాం. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం నరసరావుపేటలో డయాలసిస్. పొద్దున్నే బయలుదేరి పిడుగురాళ్ళ మీదుగా వెళ్తాం. మిషను మీద నాలుగు గంటలు పడుకోబెడతారు. తిరుగు ప్రయాణం సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎండలో పడుతుంది.

డయాలసిస్ వాళ్ళ కష్టం దగ్గరుండి చూస్తే గానీ తెలియదు. మనకు ఎండకు దాహమైతే చెంబెడు నీళ్ళు తాగుతాం. వాళ్ళు తాగకూడదు. మూత్రం సరిగా రాదు గనుక తాగిన నీరంతా ఒంట్లోనే నిలిచి కాళ్ళు వాస్తాయి, ఊపిరితిత్తుల్లోకి చేరితే ఆయాసం వస్తుంది. అందుకే రోజుకు ఇన్ని నీళ్ళే అని డాక్టరు కొలత పెడతారు. పెద్దయ్య ఒక చిన్న ఫ్లాస్కులో నాలుగు ఐసు ముక్కలు తెచ్చుకుని ఒక్కొక్కటే చప్పరిస్తారు. కాబట్టి ఆయనకు చల్లని కారు సుఖం కోసం కాదు. ఆయన తాగలేని నీళ్ళకు బదులు అది.

ఏప్రిల్ మొదట్లో పిడుగురాళ్ళలో మెకానిక్ పనిచేస్తున్న మన సంఘపు తమ్ముడి దగ్గరికి బండి తీసుకెళ్ళాం. అతను గ్లవ్ బాక్సు కింద చెయ్యి పెట్టి ఒక చిన్న ముక్క ఊడదీసి చూపించాడు. దాని పేరు రెసిస్టరు. సన్నటి తీగ చుట్టలు రెండు మూడు ఉన్నాయి, ఒకటి తెగి నల్లబడి ఉంది.

"అయ్యగారూ, బ్లోయరు నెమ్మదిగా తిరగాలంటే కరెంటు ఈ చుట్టల గుండా పోవాలి. మిగిలిన శక్తంతా ఇక్కడ వేడిగా మారిపోతుంది. నాలుగో నంబరుకు ఇది అక్కర్లేదు, కరెంటు నేరుగా మోటారుకు పోతుంది. అందుకే నాలుగు ఒక్కటే పనిచేస్తోంది. ఇది ఊరికే కాలదు. మోటారు కూడా విప్పి చూద్దాం, ఒక గంట పడుతుంది" అన్నాడు.

ఆ సాయంత్రం మాకు ఒక కూడిక ఉంది. "గంట ఎక్కడుంది తమ్ముడూ, ముక్క మార్చెయ్, చాలు" అన్నాం. అతను మార్చాడు. ముక్క ఖరీదు 700 తీసుకున్నాడు గానీ కూలి తీసుకోలేదు.

ఇరవై రోజులు నాలుగు నంబర్లూ చక్కగా పనిచేశాయి. ఇరవై ఒకటో రోజున ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. మళ్ళీ నాలుగే మిగిలింది.

ఇక్కడ మేము చేసింది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. నేరుగా ఆ తమ్ముడి షాపుకు వెళ్ళాం. ఆ రోజు రద్దీగా ఉంది. అతని ముందు ముగ్గురు నలుగురు గిరాకీలు, ఇద్దరు పనివాళ్ళు ఉన్నారు. అందరూ వింటుండగా "డూప్లికేట్ ముక్క వేశావా ఏం? సంఘం డబ్బంటే లెక్కలేదా?" అన్నాం. అతను తల వంచుకుని, "మోటారు చూద్దామని ఆ రోజే అన్నాను కదా అయ్యగారూ" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మేము తలుపు గట్టిగా వేసుకుని వచ్చేశాం. ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలో అతను కనపడలేదు. పని ఒత్తిడేమో అనుకున్నాం. అలా అనుకోవడం మాకు సులువుగా ఉంది.

ఈలోగా చల్లదనం కూడా పోయింది. గాలి వస్తోంది గానీ వేడిగాలే. ఇంకో ఊళ్ళో ఒక పెద్ద షాపుకు వెళ్తే, వాళ్ళు బానెట్ ఎత్తి, "గ్యాసు అయిపోయింది" అని పావుగంటలో నింపి 1,800 తీసుకున్నారు. ఎందుకు అయిపోయిందని వాళ్ళు చూడలేదు, మేము అడగలేదు. ఎనిమిది రోజులు మంచులా ఉంది. తొమ్మిదో రోజుకు మామూలే.

మే నెల రెండో మంగళవారం. డయాలసిస్ అయ్యాక పెద్దయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరాం. వెనక మీ అమ్మగారు ఉన్నారు. కిటికీలు దించితే నిప్పుల గాలి, ఎత్తితే పొయ్యి. "ఎట్లా ఉంది పెద్దయ్యా?" అని అడిగితే, "పర్లేదయ్యా, పర్లేదు" అంటూనే ఉన్నారు. బ్లోయరు హోరులో ఆ మాట కూడా సరిగా వినపడటం లేదు. ఐసు ముక్కలు ఎప్పుడో అయిపోయాయి. ఒకచోట స్పీడు బ్రేకరు దగ్గర బండి నెమ్మదిస్తే ఆయన తల మా భుజం మీదికి వాలింది. నిద్రపోయారనుకున్నాం. మీ అమ్మగారు చూసి, "ఆపండి, ఆపండి" అని కేకేశారు.

రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఆపాం. సీటు వెనక్కి వాల్చి కాళ్ళు ఎత్తిపెట్టాం. టీ కొట్టతను బిందెడు నీళ్ళు తెచ్చాడు. తువ్వాలు తడిపి మెడకు, చంకలకు, నుదుటికి వేశాం. మీ అమ్మగారు చీర కొంగుతో విసురుతూనే డయాలసిస్ సెంటరుకు ఫోన్ చేశారు. మిషను మీద నుండి లేచాక బీపీ పడిపోవడం ఉంటుందని, దానికి ఈ వేడి తోడైందని, వెంటనే వెనక్కి తీసుకురమ్మని చెప్పారు. మేము అక్కడ ప్రార్థన చేశాం. నోటితో చేసిన ప్రార్థన పెద్దయ్య కోసం. లోపల మాత్రం ఆ తమ్ముడి వంచిన తలే కనపడుతోంది. ఆ రోజు ఒక గంట ఆగి ఉంటే, ఈ మనిషి ఈ చెట్టు కింద ఇలా పడుకుని ఉండేవాడు కాదు కదా అనిపించింది.

దేవుడు కరుణించాడు. కాసేపటికి కళ్ళు తెరిచారు. వెనక్కి తీసుకెళ్ళి సాయంత్రం దాకా ఉంచి, చల్లబడ్డాక ఇంటికి చేర్చాం. దిగేటప్పుడు ఆయన, "మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను అయ్యగారూ" అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాం.

మరునాడు పొద్దున్నే ఆ తమ్ముడి షాపు తెరవక ముందే వెళ్ళి నిలబడ్డాం. అతను షట్టరు ఎత్తుతుంటే, "తమ్ముడూ, తప్పు మాది. నలుగురిలో నిన్ను అనకూడని మాట అన్నాం. క్షమించు" అన్నాం. అతను కంగారుపడి, "అదేంటయ్యగారూ" అని కుర్చీ తుడిచి వేశాడు. కూర్చోలేదు. "ముందు మోటారు విప్పు, ఎంతసేపైనా ఉంటాం" అన్నాం.

గ్లవ్ బాక్సు తీశాడు. మూడు స్క్రూలు విప్పి బ్లోయరును కిందికి దించాడు. లోపల ఏముందో చూడండి: దోసెడు ఎండిన వేపాకు, రెండు పిచ్చుక ఈకలు, ఒక ఎలుక గూడు. ఆ గూడు దేనితో కట్టిందంటే, మేము గ్లవ్ బాక్సులో పెట్టి పంచడం మరిచిపోయిన కరపత్రాలతో! మనం పంచలేదు గానీ ఎలుక మాత్రం వాటిని బాగా ఉపయోగించుకుంది. తమ్ముడు నవ్వాపుకోలేకపోయాడు, మేమూ నవ్వాం. అన్ని రోజుల తర్వాత మా ఇద్దరి మధ్య వచ్చిన మొదటి నవ్వు అది.

తర్వాత మోటారు చేతికిచ్చి తిప్పమన్నాడు. కడవకు మట్టి పట్టినట్టు బిర్రుగా ఉంది. అప్పుడు అన్నీ వరసగా చెప్పాడు. అద్దం కింద జాలీ గుండా వేపాకు లోపలికి దిగింది. దుమ్ము, ఆకు పట్టి మోటారు బుష్ ఎండిపోయింది. అప్పుడు వచ్చింది ఈల శబ్దం. బిర్రుగా తిరిగే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా రెసిస్టరు గుండానే పోవాలి గనుక అది మామూలుకంటే ఎక్కువ కాగుతుంది. రెసిస్టరును గాలి గొట్టంలోనే పెట్టేది ఎందుకంటే బ్లోయరు కొట్టే గాలే దాన్ని చల్లార్చాలి. ఆకుతో ఆ గాలి కూడా తగ్గింది. ఇక కాలక ఏం చేస్తుంది? వైరు కలిసే ప్లాస్టిక్ సాకెట్టు కూడా కరిగి నల్లబడింది. ఏసీ లోపల కారే నీళ్ళు బయటికి పోయే సన్నటి గొట్టానికి అదే ఆకు అడ్డుపడి, ఆ నీళ్ళే కాళ్ళ దగ్గర తడి అయ్యాయి. మీ అమ్మగారి సీసా మూతది ఏ తప్పూ లేదు.

"నేను వేసింది మంచి ముక్కే అయ్యగారూ. ఏ ముక్క వేసినా ఇరవై రోజులే" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

గ్యాసు సంగతి కూడా అలాగే. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మనకు తెలుసు. గోడకు చెమ్మ పట్టి, ఆ చెమ్మ ఆవిరవుతూ కుండలోని వేడిని లాక్కుపోతుంది. ఏసీ చేసేదీ అలాంటి పనే, నీటికి బదులు ఆర్-134ఏ అనే గ్యాసుతో. మామూలు వత్తిడిలో అది సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది. కంప్రెసరు దాన్ని నొక్కుతుంది. రేడియేటరు ముందుండే కండెన్సరులో అది బయటి గాలికి వేడి వదిలి ద్రవమవుతుంది. తర్వాత డ్యాష్‌బోర్డు వెనక ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. అదే గ్యాసు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది. పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. "అయిపోయింది అంటే ఎక్కడో కారిపోయిందనే అర్థం. కారే చోటు మూయకుండా నింపితే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే" అన్నాడు తమ్ముడు. గ్యాసు బాగా తగ్గితే ప్రెషరు స్విచ్చు కంప్రెసరును పనిచేయనివ్వదు. అప్పుడు వచ్చేది ఉత్త వేడిగాలే.

నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురుగు పూసి వెదికాడు. కండెన్సరు కింది మూలన నురుగు పొంగింది. అక్కడ జిడ్డుగా దుమ్ము పట్టిన మరక ముందే ఉంది. గ్యాసుతో పాటు నూనె కూడా బయటికి వస్తుంది గనుక అలాంటి మరకే మొదటి గుర్తట. మన దారిలో సున్నపురాయి లారీల వెనక పోతుంటే ఎగిరిన ఏ రాయి తగిలిందో మరి.

కండెన్సరు, డ్రయరు, జాయింట్ల రబ్బరు వాషర్లు మార్చాడు. తర్వాత ముప్పావుగంట వ్యాక్యూమ్ పంపు పెట్టాడు. లోపల గాలి, తేమ మిగిలితే ఆ తేమ సన్నదారిలో గడ్డకట్టవచ్చు, లోహాన్ని తినేయవచ్చు కూడా. ఆ తర్వాత బానెట్ కింద స్టిక్కరు మీద ఎన్ని గ్రాములని రాసి ఉందో చూసి, త్రాసు మీద సిలిండరు పెట్టి అంతే ఎక్కించాడు. తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పేనన్నాడు. కొత్త బ్లోయరు మోటారు, రెసిస్టరు, సాకెట్టు వేశాడు. చివరగా అద్దం కింది జాలీకి లోపలి వైపు దోమతెర లాంటి సన్న వలను కత్తిరించి బిగించాడు.

ఇంటికొచ్చాక ఆ గ్యాసు గురించి ఇంకొంచెం చదివాం. పూర్వం కార్లలో ఆర్-12 వాడేవారు. అది పైనున్న ఓజోన్ పొరకు చేటు చేస్తుందని తెలిసి, 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకుని అలాంటి వాటిని వదిలిపెడుతూ వచ్చాయి. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌కు చేటు చేయదు గానీ, బరువుకు బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. అంటే చిల్లు వెదకకుండా మేము నింపించిన 1,800 రూపాయల గ్యాసు గాలిలో కలిసి, మన రెంటచింతల ఎండకు మా వంతు సాయం చేసిందన్నమాట.

ఇక లెక్క. మొదటిసారి రెసిస్టరుకు 700, గ్యాసుకు 1,800. రెండోసారి మోటారు 2,600, రెసిస్టరు 700, సాకెట్టు, వైరు 250, కండెన్సరు, డ్రయరు, వాషర్లు కలిపి 4,200, గ్యాసు 1,500. కూలి వద్దన్నాడు, బలవంతాన 1,000 చేతిలో పెట్టాం. మొత్తం 12,750 రూపాయలు. మీ కానుకలు 8,000. మిగిలిన 4,750 మా ఇంటి నుండి పెట్టాం. బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. ఇందులో మొదటి 2,500 మా తొందర వల్ల వృథా అయింది. అది మీ కానుకల్లోంచి పోలేదని గమనించగలరు, మేము పెట్టిన దాంట్లోదే.

అయితే ఇంకో బాకీ ఉంది. అతన్ని నలుగురిలో అవమానించి, షట్టరు దగ్గర ఒక్కడికే క్షమాపణ చెప్పడం సరిపోదు. మొన్న ఆదివారం ప్రసంగానికి ముందు నిలబడి ఈ సంగతంతా సంఘంలో చెప్పాం. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడు ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడాలని ప్రభువు చెప్పిన సంగతి మీద మేము ఎన్నోసార్లు మాట్లాడాం. ఆ మాటకు మేమే లోబడాల్సి వస్తే కాళ్ళు వణికాయి. ఆ తమ్ముడు చివరి వరుసలో భార్యాబిడ్డలతో కూర్చుని ఉన్నాడు. మూడు ఆదివారాల తర్వాత వచ్చాడు. మీలో అతని షాపు గురించి మా నోటి మాట విని ఎవరైనా సందేహపడి ఉంటే, ఆ సందేహం తీసేయండి. అతని పని మంచిది, అతను మంచివాడు.

సంఘంలో ఎవరైనా పదే పదే కాలిపోతుంటే, "ఈ మనిషే ఇంత" అని ముక్క మార్చినట్టు మార్చేయాలని మాకు అనిపించేది. ఇప్పుడు అతని మీద ఎంత బరువు పడుతోందో, లోపల ఏ ఆకు చేరిందో ముందు చూడాలనుకుంటున్నాం. దానికి గంట పడితే పట్టనిద్దాం.

కార్లున్నవాళ్ళకు ఒక మాట. చెట్టు కింద పెడితే వారానికొకసారి అద్దం కింద ఆకు ఏరేయండి. ఈల శబ్దం వచ్చినా, కాళ్ళ దగ్గర తడి అయినా, ఒకటీ అరా నంబరు పోయినా ఊరుకోకండి. గ్యాసు నింపుతామంటే ముందు ఎక్కడ కారుతోందో చూపించమనండి.

మొన్న శుక్రవారం పెద్దయ్యను తీసుకెళ్ళాం. పిడుగురాళ్ళ దాటాక, "రెండు మీద పెట్టండి అయ్యా, చలేస్తోంది" అన్నారు. రెండు మీద పెట్టాం. కారు నిశ్శబ్దమైంది. అప్పుడు ఆయన నెమ్మదిగా తన చిన్ననాటి సంగతులు, వాళ్ళ నాన్న నాపరాయి గనిలో పనిచేసిన రోజులు చెప్పడం మొదలుపెట్టారు. మూడు నెలలుగా పక్కనే కూర్చున్నా ఆ హోరులో ఆయన ఒక్క సంగతీ చెప్పలేదు. ఇల్లు వచ్చినా మాటలు అవలేదు. ఇంజను ఆపకుండా కాసేపు అలాగే కూర్చున్నాం. ఫ్లాస్కులో ఇంకా రెండు ఐసు ముక్కలు మిగిలే ఉన్నాయి.

పెద్దయ్య కోసం ప్రార్థించండి. ఆ తమ్ముడి కుటుంబం కోసం కూడా. మా కోసం ప్రార్థించేటప్పుడు, కొంచెం ఓపిక దయచేయమని అడగండి.

ప్రభువు సేవలో,
మీ అయ్యగారు, అమ్మగారు